తలుపు తీస్తే మూడు

మా ఆయన స్మార్ట్‌ఫోను కొన్న వానాకాలంలోనే నాకు ఆయన మీద అనుమానం పుట్టిందంటే అబద్ధమే. అనుమానం నాతోపాటే పుట్టింది. ఆ వానాకాలం దానికి చేతినిండా పని దొరికింది, అంతే.

నేను బట్టలు సరిచేస్తాను. కొత్తవి కుట్టను. పొడుగైన ప్యాంటుకి అంచు మడవడం, బిగుతైన నడుము వదులు చేయడం, చెడిన జిప్పు మార్చడం, ఇదీ నా పని. గుడ్డ మిషన్ మీద పెట్టే ముందు జేబులు తడమాలి, లేకపోతే ఏ తాళంచెవికో తగిలి సూది విరుగుతుంది. తడిమీ తడిమీ, ఎవరి జేబులో ఏముండాలో, ఏముండకూడదో నాకు చప్పున తెలిసిపోతుంది. "నీ చేతిలో పడ్డ ప్యాంటు నిజం కక్కాల్సిందే" అనేవారు మా అత్తగారు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఇప్పటికీ తేలలేదు.

మా ఆయన లిఫ్టు మెకానిక్. పెళ్లైన దగ్గర్నుంచి బొత్తాల ఫోనే. వెనక మూత ఊడిపోతే రబ్బరుబ్యాండు వేసి వాడుకున్న మనిషి. అలాంటివాడు తొలి వానలు పడిన వారం, భోజనం దగ్గర, పళ్లెంలోంచి తల ఎత్తకుండా, "స్మార్ట్‌ఫోను ఒకటి తీసుకోవాలి" అన్నాడు.

"ఎందుకండీ ఉన్నట్టుండి?"

"అందరి దగ్గరా ఉందిగా."

అందరి దగ్గరా ఉన్నది తనకీ కావాలని ఆయన అనడం అదే మొదలు. నేను తినడం ఆపి ఆయన మొహం చూశాను. ఆయన మాత్రం పళ్లెమే చూశాడు.

ఫోన్ల షాపుకి నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉంటానా? షాపతను కళ్లజోడు నెత్తిమీదికి ఎక్కించి, వరసగా ఫోన్లు పరిచాడు. "దీని కెమెరా చూడండన్నా, చీమ కాళ్లు లెక్కపెట్టొచ్చు. అక్క ఫొటో తీస్తే వయసు పదేళ్లు తగ్గిపోతుంది."

"ఫొటోలు నాకొద్దు" అన్నాడు మా ఆయన. "తలుపులన్నీ మూసేసిన గదిలో సిగ్నల్ అందుతుందా?"

షాపతను నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

"రెండు సిమ్ములు పడతాయా?"

"పడతాయన్నా."

"తడి చేత్తో నొక్కినా పలుకుతుందా? చప్పుడు లేకుండా వణికే ఏర్పాటు గట్టిగా ఉంటుందా?"

మూసిన తలుపులు, రెండో సిమ్ము, తడి చేతులు, చప్పుడు లేని ఫోను. నేను వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నాను. మర్యాదస్తుడైన సంసారికి వీటిలో ఏది అవసరమో చెప్పండి.

"ఫోను చేతిలో ఏముందన్నా" అన్నాడు షాపతను. "ఎంత మంచిది కొన్నా టవరు దగ్గర లేకపోతే రాయే. ఒక సందులో ఒక కంపెనీ సిగ్నల్ అందుతుంది, పక్క సందులో ఇంకోటి అందుతుంది. మీరు ఎక్కువసేపు ఎక్కడుంటారో అక్కడ ఏ కంపెనీకి ఎన్ని గీతలొస్తాయో చూసుకొచ్చి, అప్పుడు కొనండి."

మా ఆయన అది మంత్రం విన్నట్టు విన్నాడు. ఆ మర్నాటి నుంచి రోజుకొకరి ఫోను అడిగి తెచ్చుకుని జేబులో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. నేను కనిపెట్టిందేమిటంటే, మా ఇంట్లో ఏ కంపెనీకి ఎన్ని గీతలొస్తాయో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. అంటే ఆయన ఎక్కువసేపు ఉండబోయేది ఇక్కడ కాదు.

ఆ వారమే ఉతకబోయే ప్యాంటు జేబులో చీటీ దొరికింది. గ్రీజు వేలిముద్రల మధ్య ఆయన గుండ్రటి చేతిరాత.

డాక్టరమ్మ – ఒకటి. తలుపు తీస్తే మూడు.
పచ్చగేటు – సున్నా.
లాయరు – రెండు.
బడి వెనక – మూలకి నిలబడితే ఒకటి.

తీసుకెళ్లి అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడకి కుడిచెవి వినపడదు. ఎడమచెవి ఇటు తిప్పి విని, "లిఫ్టులవాడి జేబులో బిల్డింగుల పేర్లు కాక పద్యాలుంటాయా? నీది అనుమానం కాదే అమ్మాయ్, రోగం" అన్నారు.

నేను చీటీ మడిచి గుండీల డబ్బాలో దాచాను. కాసేపటికి ఆవిడే నా మిషన్ దగ్గరకొచ్చి నిలబడ్డారు. "ఇంతకీ తలుపు తీస్తే మూడేమిటే?"

"నాకేం తెలుసండీ. మీ అబ్బాయిని అడగండి."

"నాకెందుకమ్మా మీ మధ్య" అంటూ వెళ్లిపోయారు. కానీ ఆ సాయంత్రం కొడుకు వచ్చినప్పుడు ఆవిడ కూడా తేరిపార చూశారు.

ఇక్కడ బాబాయ్ గురించి చెప్పాలి. మాకు చుట్టం కాదు. మా ఆయనకి పని నేర్పిన పెద్ద మెకానిక్, అందరికీ బాబాయే. లిఫ్టు పని ఇద్దరిది. లిఫ్టు అట్టడుగున మనిషి లోతు గొయ్యి ఉంటుంది. వానాకాలం అందులోకి నీళ్లొస్తాయి, తోడకపోతే లిఫ్టు మొరాయిస్తుంది. ఒకరు గోతిలోకి దిగితే ఒకరు పైన ఉండాలి. లిఫ్టు జారే ఇనుప పట్టా మీద కిందివాడు పానాతో కొడతాడు, పైవాడు వింటాడు. ఒక్క దెబ్బ అంటే ఆపు. రెండంటే బాగానే ఉన్నాను, పైకొస్తున్నాను. ఆగకుండా కొడితే ప్రాణం మీదికొచ్చిందని. అలవాటైపోయి బాబాయ్ మా ఇంటి తలుపు కూడా రెండు దెబ్బలే కొడతాడు.

రెండేళ్ల క్రితం బాబాయ్ ఒక్కడే దిగిన రోజు ఎవరో మీట నొక్కారు. రెండు వేళ్లు పోయాయి. ఆ రోజే మా ఆయన చెయ్యి నా నెత్తిమీద పెట్టించుకుని, ఎన్నడూ ఒంటరిగా దిగనని ఒట్టు వేయించుకున్నాను. ఆ మాట తప్పడని నాకు ఎంత గట్టి నమ్మకమంటే, మిగతావన్నీ అనుమానించాను కానీ దాన్ని అనుమానించలేదు.

చీటీ దొరికిన నాలుగో రోజు, దారం ఉండలు కొనుక్కుని బస్సులో వస్తున్నాను. పదకొండు గంటలు. కిటికీలోంచి చూద్దును కదా, బాబాయ్ సంచీ పట్టుకుని కూరగాయలు ఏరుకుంటున్నాడు. పనివేళ, పని బట్టల్లో కాదు, ఇంటి చెప్పులతో.

సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుంటుంటే తువ్వాలు అందించి అడిగాను. "బాబాయ్ ఎలా ఉన్నాడండీ?"

"ఆయనకేం, రాయిలా ఉన్నాడు. ఇవాళంతా పైన మోటారు దగ్గరే. గొంతు పోయేలా అరిచాడు నా మీద."

ఎంత నున్నగా చెప్పాడో. ఎక్కడా కుట్టు కనపడలేదు. తువ్వాలు వెనక్కి తీసుకుని ఆరేసి, వంటింట్లోకి వెళ్లి గోడకానుకుని నిలబడ్డాను. బాబాయ్‌తో లేకపోతే రోజంతా ఎక్కడ ఉంటున్నట్టు? ఎవరి గదిలో సిగ్నల్ వెతుకుతున్నట్టు? ఒట్టు తప్పి ఒంటరిగా దిగుతున్నాడేమోనన్న ఆలోచన నాకు రానేలేదు. అనుమానం తనకి నచ్చిన దారినే పోతుంది.

ఆ ఆదివారం ఫోను కొన్నాడు. షాపతను ఎంత మొత్తుకున్నా కెమెరావి కాదని, ఇటుకంత మందం, చుట్టూ రబ్బరు అంచు ఉన్నది తెచ్చాడు. రెండు సిమ్ములు వేయించాడు. పాత నంబరు ఒకటి, వేరే కంపెనీ కొత్త నంబరు ఒకటి.

"ఆ రెండోదెందుకు?"

"పనికి."

"నంబరు చెప్పండి, రాసుకుంటాను."

"నీకు పాతది ఉందిగా" అని ఫోను జేబులో వేసుకున్నాడు.

పది రోజులు అలా గడిచాయి. అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే అబద్ధం చెబుతాడు, ఆ అబద్ధాన్ని కూడా మోయాలి. అందుకని అడగలేదు. నిద్ర పట్టేది కాదు, కుట్లు వంకర పోయేవి. ఒకాయన ప్యాంటుకి ఒక కాలు రెండు అంగుళాలు పొట్టి చేసి తిట్లు తిన్నాను.

పదకొండో రోజు పొద్దున్నే ఫోను మోగింది. కొత్త కూత, అంటే కొత్త నంబరు. మా ఆయన ముఖం కడుక్కుంటూ తడి చేత్తోనే తీశాడు.

"చెప్పండి డాక్టరమ్మా... అయ్యో, లేదు లేదు, ముందు మీ దగ్గరికే వస్తా. మీరు మెట్లు దిగకండి, నేను వస్తున్నాగా."

ఆ గొంతులో మెత్తదనం నేను విని ఎన్నాళ్లయిందో. ఫోను మిషన్ బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. లోపల నీళ్ల చప్పుడు మొదలైంది. నేను గుండుసూది తీసి, ఫోను పక్కనున్న చిల్లులో గుచ్చాను. చిన్న అర బయటికొచ్చింది. రెండు సిమ్ముల్లో కొత్తది తీసి గుండీల డబ్బాలో, చీటీ పక్కన వేశాను. అర మూసేశాను. ఇక మాట్లాడుకోండి చూద్దాం అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణం ఎంతో హాయిగా అనిపించింది.

ఆయన హడావిడిగా తల తుడుచుకుని, ఫోను చూడకుండానే జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. వాన మొదలైంది.

పదకొండున్నరకి తలుపు మీద రెండు దెబ్బలు.

బాబాయ్. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ప్యాంటు. "నడుము రెండంగుళాలు తగ్గించు అమ్మాయ్. ఇంట్లో కూర్చుంటే పెరగాలి కదా, నాకు తరుగుతోంది."

"ఇంట్లో కూర్చోవడమేంటి బాబాయ్?"

"వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇంట్లోనేగా. పైన నిలబడి వినడానికి ఒక మనిషెందుకు, ఫోనుంది కదా అన్నాడు మా లిఫ్టు కంపెనీవాడు. పానా దెబ్బలు వినే చెవులకి పని పోయింది." నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. "వాడు నీకు చెప్పలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"చెప్పి ఉండడులే, ఒట్టు ఉందిగా. నువ్వు కంగారు పడకు. ఏ గోతిలో ఏ కంపెనీకి ఎన్ని గీతలొస్తాయో అన్నీ చూసుకున్నాడు. రెండు సిమ్ములు పెట్టుకోమని నేనే చెప్పా. ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. ఒక్క డాక్టరమ్మ బిల్డింగులోనే చిక్కు. అక్కడ పాతది అసలు రాదు, కొత్తదే దిక్కు. అదీ తలుపు మూసుకుంటే ఒక్క గీతే."

తలుపు తీస్తే మూడు.

నేను పాత నంబరుకి ఫోను చేశాను. కవరేజీ పరిధిలో లేరని ఒకావిడ తీరిగ్గా చెప్పింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే చెప్పింది. మూడోసారి పూర్తిగా విననేలేదు, చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను. "ఏమైందే?" అంటున్న అత్తగారి గొంతు వెనకే ఉండిపోయింది. బాబాయ్ గొడుగు విప్పుకుంటూ పరుగెత్తాడు. నాలుగు సందులు. ఏమైందని ఆయన అడిగాడు, "ఫోను కలవట్లేదు" అన్నాను. అంతకుమించి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ బిల్డింగు కింద, లిఫ్టు తలుపు పక్కనే కుర్చీ వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. చేతికర్ర, మోకాళ్లకి పట్టీలు.

"మెకానిక్ వచ్చాడా డాక్టరమ్మా?" అన్నాడు బాబాయ్.

"వచ్చి రెండు గంటలైంది. వద్దన్నా వినకుండా గోడ పట్టుకుని మెట్లు దిగొచ్చాను, ఎక్కడం నా వల్ల కాక ఇక్కడే కూర్చున్నా" అన్నారావిడ సంబరంగా. "మంచి పనిమంతుడయ్యా. లోపల ఠంగు ఠంగుమని ఒకటే కొట్టుడు, చెయ్యి ఆపితే ఒట్టు. మధ్యమధ్య కేకలు కూడా, పైనున్న మనిషికి పని పురమాయిస్తున్నాడనుకున్నా. ఇందాకటి నుంచే కాస్త అలికిడి లేదు. అయిపోవచ్చిందేమో."

బాబాయ్ రంగు మారింది. మోకాళ్ల మీద కూర్చుని, గొడుగు ఇనుప కొనతో తలుపు చట్రం మీద రెండు దెబ్బలు కొట్టాడు. ఏమీ వినిపించలేదు. మళ్లీ కొట్టాడు. నేను చెవి తలుపుకి ఆనించాను. లోపల నీళ్ల బుడబుడ ఒక్కటే వినిపిస్తోంది.

తర్వాత ఒక దెబ్బ వినిపించింది. చాలాసేపటికి, ఇంకొకటి.

కంపెనీకి తిరిగివ్వకుండా బాబాయ్ లిఫ్టు తలుపులు తీసే తాళంచెవి ఒకటి జేబులోనే దాచుకున్నాడు, మూడు పలకల కొనది. దాంతో తలుపు తెరిచాడు. కింద మా ఆయన నడుము దాకా నీళ్లలో, గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో ఫోను, తడవకుండా నెత్తిమీద పెట్టుకుని. నిచ్చెన మెట్టు ఊడి పడ్డాడట. మడమ తిరిగిపోయి నిలబడలేకపోయాడు. నిలబడితే తప్ప తలుపు గడియ అందదు.

తల ఎత్తి నన్ను చూశాడు. "నువ్వెందుకొచ్చావు?" అన్నాడు. దొరికిపోయిన గొంతు.

బాబాయ్, చప్పుడు విని వచ్చిన బిల్డింగు వాచ్‌మన్ కలిసి పైకి లాగారు. డాక్టరమ్మ అక్కడే నేల మీద కాలు చాపించి, నొక్కి చూసి, కట్టు కట్టారు. "విరగలేదు. నేను పక్కనే కూర్చుని వింటూ ఉన్నాను కదయ్యా" అని నాలుగైదు సార్లు అన్నారు.

"ఎమర్జెన్సీ నంబరుకి కొట్టొచ్చు కదరా" అని తిట్టాడు బాబాయ్.

"ఫైరింజను వస్తే కంపెనీకి తెలియదా? పంపింది వాళ్లే అయినా, ఒంటరిగా ఎందుకు దిగావని నన్నే అంటారు. ఇంకాసేపు చూద్దాంలే అనుకున్నా."

ఇంటికొచ్చాం. సాయంత్రానికి కాలు స్టూలు మీద పెట్టుకుని, ఒళ్లో ఫోను పెట్టుకుని, మా ఆయన షాపతని మీద విరుచుకుపడుతున్నాడు. "పదిచోట్ల తిరిగి నా చేత్తో చూసుకున్నా, ఒక్క గీతైనా వచ్చేది. ఇవాళ సున్నా. దొంగ సిమ్ము అంటగట్టాడు వాడు. రేపు కుంటుకుంటూ అయినా వెళ్లి నలుగురిలో కడిగేస్తా."

"ఊరికే వదలకురా" అన్నారు అత్తగారు.

నోరు మూసుకుంటే చాలు, తప్పు షాపతని నెత్తిన పడిపోయేది. అదీ ఆలోచించాను. ఆలోచించలేదని చెప్పను.

"అసలు లోపల ఏం పెట్టాడో చూస్తా. ఒక గుండుసూది ఇవ్వు" అని ఆయన చెయ్యి చాచాడు.

నేను గుండీల డబ్బా తెరిచాను. గుండుసూదితో పాటు సిమ్ము కూడా ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన సిమ్మును వెలుతురుకి పట్టుకుని తిప్పి చూశాడు. అత్తగారు మమ్మల్నిద్దర్నీ ఒకసారి చూసి, వినపడని చెవి మావైపు తిప్పుకుని కూర్చున్నారు.

"ఎప్పుడు?" అన్నాడు.

"మీరు స్నానం చేస్తున్నప్పుడు."

"ఎందుకు?"

"డాక్టరమ్మా అన్నారు కదా. గొంతు మెత్తగా ఉంది."

ఆయనకి నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది. "నీళ్లు నడుము దాకా వచ్చినప్పుడు కూడా ఆ షాపువాణ్ణే తిట్టుకున్నానే" అన్నాడు మెల్లిగా.

నాకు ఏడుపు ఆగలేదు. "నా చేతుల్తో నేనే చంపుకుని ఉండేదాన్ని" అన్నాను.

"ఒట్టు తప్పింది నేను. నువ్వు ఒక్కమాట అడిగి ఉంటే..."

"అడిగితే చెప్పేవారా?"

ఆయన ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు.

మూడు వారాలకి కాలు నేల మీద ఆనింది. వానలు ఇంకా తగ్గలేదు. రెండో మనిషిని ఇవ్వమని అడిగితే కంపెనీ కుదరదంది. బాబాయ్‌కి వేరేచోట పని దొరికింది. "జీతం ఇవ్వకపోతే పోయె, ఊరికే కూర్చుంటే వద్దనరుగా" అని నేను బయల్దేరాను. ఎక్కడ దిగితే అక్కడ, లిఫ్టు తలుపు పక్కన చిన్న స్టూలు వేసుకుని, చేత్తో కుట్టే అంచులన్నీ ముందేసుకుని కూర్చుంటాను. తలుపు మూసుకోకుండా చెక్కముక్క అడ్డం పెడతాను. దెబ్బల భాష బాబాయ్ రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పాడు.

ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎగాదిగా చూసేవారు. "ఎవరమ్మా నువ్వు? ఎవరి కోసం?" అని ఒకరికి ఇద్దరు నిలదీసేవారు. అనుమానంగా చూస్తే ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఒంటికి గుచ్చుకుంటుంది. "మొగుడికి కాపలా కాస్తోంది" అని అత్తగారు అందరికీ చెప్పి నవ్వేవారు, మధ్యాహ్నం క్యారియరు మాత్రం ఇద్దరికీ కట్టి పంపేవారు.

అన్ని గోతులు తిరిగి, గీతలు లెక్కపెట్టి ఏరి ఏరి కొన్న ఆ ఫోను ఇప్పుడు ఆయనతో కిందికి వెళ్లదు. దాని తెర తాళం తీసి నా ఒళ్లో పెట్టి, పానా పట్టుకుని దిగుతాడు.

వానాకాలం చివర్లో ఒకరోజు, పచ్చగేటు బిల్డింగు. గోతిలో సున్నా వచ్చే చోటు. ఆయన కింద నీళ్లు తోడుతున్నాడు. ఒళ్లో ఫోను మోగింది, కొత్త నంబరు కూత. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఒక కాలంలో అయితే మొదటి కూతకే పేరు చదివేసేదాన్ని. ఇప్పుడు సూది గుడ్డలోనే ఆపి, తల తలుపువైపు వంచి కూర్చున్నాను. కింద తోడుడు చప్పుడు ఆగింది. ఫోను మూడోసారి అందుకుంది.

పట్టా మీద రెండు దెబ్బలు పడ్డాయి.

అప్పుడు ఫోను తిప్పి చూశాను. డాక్టరమ్మ.

తీసి, "పైకొస్తున్నాడండీ" అన్నాను.